కమిలిన పాలపిట్ట

ఫ్రాన్సిస్‌కి నలభై ఏళ్లు దాటేదాకా ఫలానాది కావాలని గట్టిగా అనిపించలేదు. ఇంట్లో ఏ కూర వండాలో తల్లి పుల్లమ్మ చెప్పేది. ఆయన ఏ చొక్కా వేసుకోవాలో భార్య గ్రేసీ చెప్పేది. ఆ రెండూ ఆయనకు బాగానే ఉండేవి. నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసేవాడు. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి వెళ్లి, పిల్లలు పగలగొట్టిన గాజుగొట్టాలు ఊడ్చి, సీసాలు తుడిచి పెట్టి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేవాడు. ఆ ల్యాబులో ఆయన మనసుపడ్డ వస్తువు ఒక్కటే, మైలుతుత్తం. ఎవరూ లేనప్పుడు ఒక పలుకు తీసి నీళ్లలో వేసి, ఆ నీలం మెల్లగా విడిపోయి గాజు అడుగున పరుచుకుంటుంటే చూస్తూ నిలబడిపోయేవాడు.

గ్రేసీ జగ్గయ్యపేటలోనే లెక్కల టీచరు. ఇరవై ఏళ్లకు పైగా చెబుతోంది. పిల్లల్లో ఒక్కరి మీద కూడా చెయ్యి చేసుకున్న మనిషి కాదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. స్టీలు స్కేలు బల్ల మీద ఒకసారి పెడితే చాలు, పక్క క్లాసు పిల్లలు కూడా నిశ్శబ్దమైపోయేవాళ్లు. బజార్లో కనబడితే పెద్దపెద్ద మీసాలున్నవాళ్లు సైతం బండి ఆపి దిగి, నమస్కారం పెట్టి, ఆవిడ వెళ్లిపోయాక మళ్లీ ఎక్కేవాళ్లు.

ఒకసారి కోదాడలో బంధువుల పెళ్లికి వెళ్లి వస్తూ గరికపాడు దగ్గర టీ తాగడానికి ధాబాలో ఆగారు. పక్క బల్ల దగ్గర ఎవరో కుర్రాడు, పెద్ద మోటారు సైకిలు మీద దూరప్రయాణం పోతున్నవాడు, పరోటా తింటున్నాడు. అతని ముంజేతి మీద తామరపువ్వు ఉంది. మామూలు పచ్చబొట్టులా గీతలు గీసి మధ్యలో రంగు నింపినట్టు లేదు. అసలు గీతే లేదు. కుంచెతో తడి కాగితం మీద అద్దితే రంగు దానంతటది పాకినట్టు, గులాబీ ఊదాలోకి, ఊదా నీలంలోకి జారిపోయి, అంచుల్లో ఎక్కడో చర్మంలో కలిసిపోయింది. ఫ్రాన్సిస్ టీ చల్లారిపోయింది. సిగ్గు విడిచి వెళ్లి, పెయింటా అండీ అని అడిగాడు. దీన్ని వాటర్ కలర్ టాటూ అంటారని, చచ్చేదాకా పోదని ఆ కుర్రాడు చెప్పి, ముట్టుకోమని చెయ్యి చాచాడు. ఫ్రాన్సిస్ ముట్టుకున్నాడు. మామూలు చర్మమే.

ఆ రోజు నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. తన చేతి మీద ఏం వేయించుకోవాలో కూడా వెంటనే తెలిసిపోయింది. రోజూ బస్సు కిటికీలోంచి కరెంటు తీగల మీద పాలపిట్టలు కనిపిస్తాయి. కూర్చున్నప్పుడు మట్టిరంగు ముద్దలా ఉంటుంది. ఎగిరిందంటే రెక్కల్లోంచి మైలుతుత్తం ఒలికినట్టు ఉంటుంది. అదీ కావాల్సింది. ఇక వేసేవాళ్లే దొరకాలి.

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు నడిపే దేవరాజ్ తిరునాళ్లలో పచ్చబొట్లు పొడుస్తాడని తెలిసి ముందు అక్కడికి వెళ్లాడు. వాటర్ టాటూయే కదా సార్ అంటూ దేవరాజ్ ఒక కాగితం తీసి, చేతి మీద పెట్టి, తడిగుడ్డతో అద్ది, కాగితం లాగేశాడు. ఆకుపచ్చ డ్రాగన్ ఒకటి వచ్చింది. ఇది కాదని ఫ్రాన్సిస్ చెప్పబోతే, పిల్లలు ఇవే అడుగుతున్నారని, ఈ మధ్య పెద్దవాళ్లు కూడా సిగ్గుపడటం లేదని దేవరాజ్ ధైర్యం చెప్పాడు. ఆ డ్రాగన్‌లో సగం బస్సులో చెమటకి కరిగిపోయింది. మిగిలిన సగాన్ని కాలేజీలో ఇంటర్ పిల్లలు చూశారు. తర్వాత విజయవాడలో ఏదో పెద్ద దుకాణానికి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి కాన్సెప్ట్ ఏంటి సార్, స్టోరీ ఏంటి సార్ అని అడిగేసరికి, తన దగ్గర స్టోరీ ఏమీ లేదని కంగారుపడి ఫోన్ పెట్టేశాడు.

చివరికి దొరికిన మనిషి తన కాలేజీకి కూతవేటు దూరంలోనే ఉన్నాడు. నందిగామలో కోర్టుల దగ్గర సందులో, జెరాక్సు షాపు పైన చిన్న గదిలో క్రాంతికుమార్ అనే పాతికేళ్ల కుర్రాడు టాటూలు వేస్తున్నాడు. అతని గిరాకీ అంతా కోర్టు దయే. కేసు వాయిదా పడిందని తెలిశాక బస్సు టైము దాకా ఏం చేయాలో తోచని మనుషులు మెట్లెక్కి వచ్చి కొడుకు పేరో, అమ్మ అనో పొడిపించుకునేవాళ్లు. విడాకులు మంజూరైనవాళ్లు వచ్చి ఉన్న పేరు మీద పులిబొమ్మ వేయించుకునేవాళ్లు. పేరు పొడుగ్గా ఉంటే పులికి తోక పొడుగు పెట్టాల్సి వచ్చేది.

ఫ్రాన్సిస్ వాటర్ కలర్ టాటూ అనగానే క్రాంతికుమార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బీరువా తెరిచి, సీలు తీయని రంగు సీసాలు వరసగా చూపించాడు. షాపు పెట్టిన కొత్తలో ఎంతో ఆశపడి తెప్పించానని, నల్లది తప్ప ఇంకో రంగు అడిగిన మనిషి నందిగామలో ఇంతవరకు మెట్లెక్కలేదని చెబుతూ సీసాల మీది దుమ్ము తుడిచాడు. ఎప్పుడైనా వేశావా బాబూ అని ఫ్రాన్సిస్ అడిగితే, వేయలేదని నిజాయితీగానే ఒప్పుకున్నాడు. అయితే ఫోన్లో వీడియోలు కొన్ని వందలు చూశాడట. ముందు ఒక సొరకాయ తెమ్మన్నాడు. మనిషి చర్మానికి దగ్గరగా ఉండేది లేత సొరకాయేనట.

మర్నాడు ఫ్రాన్సిస్ రైతుబజార్లో సొరకాయలన్నీ నిమిరి చూసి, తన ముంజేతికి సరిపడేది ఒకటి కొనుక్కెళ్లాడు. క్రాంతికుమార్ నాలుక కొరుక్కుంటూ మధ్యాహ్నమంతా కూర్చుని దాని మీద పాలపిట్టని వేశాడు. సొరకాయ కదలదు కాబట్టి పిట్ట అద్భుతంగా వచ్చింది. ఫ్రాన్సిస్ దాన్ని కండువాలో చుట్టుకుని బస్సులో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. కాళ్లు కడుక్కొచ్చేలోపు పుల్లమ్మ చూసింది. ఈమధ్య కూరగాయలకి ఏవేవో మందులు కొడుతున్నారని, దీనికి నీలం తెగులు పట్టిందని, పైచెక్కు లోతుగా తీసేసి ముక్కలు కోసి పులుసు పెట్టింది. ఫ్రాన్సిస్ ఆ రాత్రి తన పిట్టని తలుచుకుంటూ పులుసన్నం తిన్నాడు.

భోజనాల దగ్గరే గ్రేసీకి విషయం చెప్పాడు. చేతి మీద వాటర్ కలర్ టాటూ వేయించుకోవాలని ఉందన్నాడు. వాటర్ కలర్ అంటే గ్రేసీకి స్కూలు పిల్లల రంగుల డబ్బా గుర్తొచ్చింది. వయసు మీదపడ్డాక ఈ సరదా ఏమిటో గానీ, కడిగితే పోయేదానికి తన పర్మిషన్ ఎందుకని, కావాలంటే వేయించుకోమని చెప్పి పెరుగు వడ్డించింది. పోదని చెప్పడానికి ఫ్రాన్సిస్ నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లో పెరుగన్నం ముద్ద పెట్టుకుని ఊరుకున్నాడు.

వేయించుకున్న రోజు క్రాంతికుమార్ సూదులు కొత్తవి విప్పి, చేతులకు తొడుగులు వేసుకుని, అంతా పద్ధతిగానే చేశాడు. పద్ధతి తప్పింది ఫ్రాన్సిస్సే. సూది తగిలినప్పుడల్లా చెయ్యి దానంతటది ఎగిరిపడింది. ల్యాబులో అలమారా మీద సీసాల పేర్లు వరసగా చదువుకుంటే ధైర్యంగా ఉంటుందని పైకి చదవడం మొదలుపెట్టాడు. సల్ఫ్యూరిక్ ఆసిడ్ దగ్గరికొచ్చేసరికి క్రాంతికుమార్ చెయ్యి కూడా వణికింది. సాయంత్రానికి మోచేతి కింద నుంచి మణికట్టు పైదాకా నీలం, ఊదా, అక్కడక్కడా పసుపు, అంచుల్లో ఎరుపు ముద్దగా పరుచుకుని ఉన్నాయి. వాపు తగ్గితే పిట్ట బయటికొస్తుందని క్రాంతికుమార్ చెప్పాడు. నమ్మకంగా చెప్పలేదు గానీ ఫ్రాన్సిస్ నమ్మాడు.

మానేదాకా పొడుగు చేతుల చొక్కా తీయకుండా తిరిగాడు. వాపు తగ్గింది, పొక్కులు రాలాయి, పిట్ట మాత్రం బయటికి రాలేదు. అయినా ఆయన కంటికి అది కనబడుతూనే ఉండేది. ఇక్కడ రెక్క, ఇక్కడ మెడ, ఇదిగో తోక. ఆదివారం చర్చిలో ప్రార్థన అయి వచ్చాక చొక్కా మడిచి గ్రేసీకి చూపించాడు. ఆవిడ కంగారుగా లేచి, ఎక్కడ పడ్డారండీ అని అడిగింది. ఇదే ఆ వాటర్ కలర్ అని చెబితే ఊపిరి పీల్చుకుని, సరే చూశాం కదా, కడిగేసుకోండి, రేపు కాలేజీకి అలా వెళ్తే బాగుండదు అంది. ఇవాళ ఉండనీమన్నాడు ఫ్రాన్సిస్. ఆవిడ ఆయన్ని ఒక చూపు చూసి, బకెట్టులో నీళ్లు తోడి, బట్టల సబ్బూ, కొబ్బరి పీచూ, నిమ్మచెక్కా పట్టుకుని స్నానాల గది దగ్గర నిలబడింది.

అక్కడ జరిగింది పక్కింటి బేబికి గోడవతల నుంచి వినబడింది. ముందు ఫ్రాన్సిస్ గొంతు. గ్రేసీ, మెల్లగా. అయ్యో, అక్కడ వద్దు. తప్పయిపోయింది, ముందే చెప్పాల్సింది. ఇంత గట్టిగానా. వీటి మధ్యలో గ్రేసీ గొంతు, పోయేదాకా వదలనండీ అని ఒక్కటే మాట. బేబి చేతిలో ఉన్న చీపురు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఫ్రాన్సిస్‌ని ఆవిడ తమ్ముడూ అని పిలిచేది. అంత మెత్తని మనిషి ఆ బజారులో ఇంకొకరు లేరని అందరికీ చెప్పేది.

స్నానాల గదిలో నిజం బయటపడింది. నిమ్మచెక్క అయిపోయాక, ఇది చచ్చేదాకా పోదు గ్రేసీ అని ఫ్రాన్సిస్ చెప్పేశాడు. గ్రేసీ పీచు బకెట్టులో పడేసి, గచ్చు మీద కూలబడింది. తర్వాత ఆయన చెయ్యి తుడిచి, కొబ్బరినూనె రాసి, ఆయనతో మాట్లాడటం మానేసింది.

మర్నాడు బస్సుకి వెళ్తున్న ఫ్రాన్సిస్‌ని బేబి ఆపింది. రుద్దుడికి మంటపుట్టి పొట్టిచేతుల చొక్కా వేసుకున్నాడేమో, చెయ్యంతా కనబడింది. నల్లగా, నీలంగా, పసుపు తిరిగి, మధ్యలో ఎర్రగా కందిపోయి ఉంది. ఏమైంది తమ్ముడూ అంటే ఆయన సిగ్గుపడి, ఏం లేదక్కా, నేనే కావాలని అని నవ్వి వెళ్లిపోయాడు. కావాలని దెబ్బలు తిన్నాడన్న మాట బేబి గుండెని పిండేసింది. సాయంత్రానికి అది సంఘపెద్ద శాంతయ్య గారి దాకా వెళ్లింది.

శాంతయ్య గారు పోస్టుమాస్టరుగా చేసి రిటైరయిన పెద్దమనిషి. సంఘంలో ఏ ఇంట్లో తగువొచ్చినా ఆయనే వెళ్లి కూర్చునేవాడు. ఎప్పుడూ భార్యల వైపు మాట్లాడి అలవాటు. ఈసారి ఏం మాట్లాడాలో తెలియక రెండు రోజులు ఆలోచించి, తోడుగా ఇద్దరు పెద్దల్ని వెంటపెట్టుకుని వచ్చాడు. వెనకే బేబి వచ్చింది. గుడి రేకుల కోసం చందాకి వచ్చారనుకుని గ్రేసీ కుర్చీలు వేసింది. పుల్లమ్మ టీ పెట్టింది. శాంతయ్య గారు ఫ్రాన్సిస్‌ని తన పక్కనే కూర్చోబెట్టుకుని, భయపడకు, మేమంతా ఉన్నాం అని భుజం మీద చెయ్యేశాడు. దేనికి భయపడకూడదో ఫ్రాన్సిస్‌కి అర్థం కాలేదు, అయినా తలూపాడు.

శాంతయ్య గారు చాలాసేపు సంసారం గురించి, ఓర్పు గురించి, ఉద్యోగాల్లో ఉండే ఒత్తిడి గురించి చెప్పాడు. స్కూల్లో పిల్లల మీద చూపించలేని కోపం ఇంటికి తెచ్చుకోకూడదన్నాడు. గ్రేసీ ఆయన ఎవరి గురించి చెబుతున్నాడా అని ఆలోచిస్తూ మర్యాదగా వింది. చివరికి ఆయన గొంతు సవరించుకుని అడిగాడు.

"అమ్మా గ్రేసీ, తప్పు ఎవరిదైనా కావచ్చు. అసలు దేనితో కొట్టావమ్మా?"

విషయం గ్రేసీకి తలకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక ఆవిడ ముఖం చూసి ఇద్దరు పెద్దలూ కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు. మూడు రోజులుగా మాట్లాడని భర్త వైపు తిరిగి, చెయ్యి చూపించండి అంది. ఫ్రాన్సిస్ చొక్కా మడిచాడు. బేబి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది దెబ్బ కాదండీ, పిట్ట," అంది గ్రేసీ.

శాంతయ్య గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, చేతి మీదికి వంగి చూశాడు. తర్వాత జాలిగా తలెత్తాడు. దెబ్బలు దాచడానికి జారిపడ్డారని చెప్పడం విన్నాడు గానీ, పిట్ట అని చెప్పడం ఇదే మొదటిసారి అన్నట్టుంది ఆయన చూపు. గ్రేసీ బ్యాగులోంచి స్టీలు స్కేలు తీసింది. బేబి రెండడుగులు వెనక్కి వేసింది. గ్రేసీ స్కేలు కొసతో భర్త చేతి మీద చూపిస్తూ, బోర్డు దగ్గర చెప్పినట్టే చెప్పింది. ఇది తల, ఇది రెక్క, ఇది విప్పిన తోక. ఆ పిట్టని మొదటినుంచీ అసహ్యించుకున్న మనిషి ఆవిడ. ఇప్పుడు దానికోసం ఇంత కష్టపడాల్సి వస్తుందని అనుకోలేదు.

పెద్దల్లో ఒకాయన తల ఒక పక్కకి వాల్చి, తనకి పాత కృష్ణాజిల్లా మ్యాపులా కనబడుతోందని, అదిగో అది దివిసీమ అని చెప్పాడు. రెండో ఆయన చేప అన్నాడు. టీ గ్లాసులు తెచ్చిన పుల్లమ్మ, నాకు మొదట్నుంచీ పొదిగే కోడిపెట్టలాగే ఉంది అని తేల్చేసింది. ఫ్రాన్సిస్ ఒక్కడే, అది పాలపిట్టండీ అని నెమ్మదిగా చెప్పాడు. ఆ మెత్తదనం చూసి బేబి కళ్లు తుడుచుకుంది.

వెళ్లేముందు శాంతయ్య గారు ప్రార్థన చేశాడు. ఈ ఇంట్లో శాంతి కోసం, ఈ బిడ్డకి సహనం కోసం, ఈ సోదరుడి గాయం మానడం కోసం చేసి, కాసేపు ఆగి, ఆ పిట్ట విషయం కూడా అని కలిపాడు.

వాళ్లు వెళ్లాక గ్రేసీ చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. భర్త తనకు నిజం చెప్పకుండా టాటూ వేయించుకున్నాడన్న కోపం ఎటుపోయిందో పోయింది. కళ్లెదురుగా ఉన్నదాన్ని నలుగురి ముందు నిరూపించలేకపోవడం ఆవిడ జీవితంలో అంతకుముందు జరగలేదు. లోపలికొచ్చి, దీన్ని వేసినవాడు ఎక్కడుంటాడండీ అని అడిగింది. మూడు రోజుల తర్వాత ఇద్దరే ఉన్నప్పుడు ఆవిడ మాట్లాడిన మొదటి ముక్క అది. ఫ్రాన్సిస్‌కి ఒకపక్క సంతోషం, ఒకపక్క క్రాంతికుమార్ మీద జాలి కలిగాయి.

శనివారం సెలవు పెట్టి ఇద్దరూ నందిగామ వెళ్లారు. కోర్టు సందులో మెట్లెక్కి గ్రేసీ గదిలో అడుగుపెట్టగానే, ఎవరి చేతి మీదో పులికి మీసాలు పెడుతున్న క్రాంతికుమార్ మిషను ఆపేసి, ఒక్కసారిగా నిటారుగా నిలబడి, గుడ్ మార్నింగ్ టీచర్ అన్నాడు. జగ్గయ్యపేటలో ఏడో తరగతి ఆవిడ దగ్గరే చదివాడట. గ్రేసీ అతన్ని పైకీ కిందికీ చూసి గుర్తుపట్టింది.

"వృత్తం గీయమంటే కోడిగుడ్డు గీసేవాడివి. నువ్వా?"

నేనే టీచర్ అని ఒప్పుకున్నాడు. పులివాడు తన మీసాలు ఇంకోరోజు పెట్టించుకుంటానని మెట్లు దిగి వెళ్లిపోయాడు. గ్రేసీ కుర్చీలో కూర్చుని, ఒక కాగితం ఇచ్చి, పాలపిట్టని గీయమంది. క్రాంతికుమార్ జేబులోంచి ఫోన్ తీయబోతే వద్దంది. చూడకుండా గీయమంది. అతను చెమటలు కక్కుతూ గీసింది చూసి, పావురానికీ చిలకకీ మధ్య ఏదో ఉందని చెప్పి, అసలు పాలపిట్టని ఎప్పుడైనా చూశావా అని అడిగింది. ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన క్రాంతికుమార్ కాసేపు ఆలోచించి, ఫోన్లో చూశానన్నాడు.

గదికి తాళం వేయించి, ఆటో మాట్లాడి, ముగ్గురూ వీరులపాడు రోడ్డున పడ్డారు. మిరపచేల పక్కన కరెంటు తీగ మీద ఒకటి కనబడేదాకా ఫ్రాన్సిస్ బయటికి వంగి చూస్తూనే ఉన్నాడు. ఆటో ఆపించి దిగారు. పిట్ట మట్టిరంగు ముద్దలా, మెడ లోపలికి లాక్కుని కూర్చుని ఉంది. ఇదా టీచర్, దీంట్లో నీలం ఏది అన్నాడు క్రాంతికుమార్. ఎగిరితే కనబడుతుందని ఫ్రాన్సిస్ చెప్పాడు. పిట్ట ఎగరలేదు. ఎదురుచూశారు. క్రాంతికుమార్ చప్పట్లు కొట్టాడు. ఈలవేశాడు. పిట్ట అతని వైపు ఒకసారి చూసి మళ్లీ చేలోకి చూసింది. ఎండ మండిపోతోంది. గ్రేసీ గొడుగు వేసుకుని, స్కేలు చేత్తో పట్టుకుని, తీగ కిందే నిలబడింది.

ఆ చేను దశరథరామయ్య గారిది. గట్టు మీది నుంచి ఆయన ఈ ముగ్గుర్నీ చాలాసేపటి నుంచి గమనిస్తున్నాడు. ఒకావిడ చేతిలో స్కేలు, ఒక కుర్రాడి చేతిలో కాగితాలు, ఒకాయన తీగల వైపు వేలు చూపిస్తున్నాడు. గబగబా వచ్చి, మీరెవరో గానీ నా చేలోంచి రోడ్డూ పోదు, టవరూ పోదు, చెబుతున్నా అన్నాడు. రోడ్డు కోసం కాదండీ, పిట్ట ఎగరడం చూద్దామని వచ్చామని ఫ్రాన్సిస్ చెప్పాడు. దశరథరామయ్య గారు నమ్మలేదు. సర్వేవాళ్లు ఇలాగే ఏదో ఒకటి చెప్పి కొలుచుకుపోతారన్నాడు. గత్యంతరం లేక ఫ్రాన్సిస్ చొక్కా మడిచి చెయ్యి చూపించాడు. ఆయన చూసి గ్రేసీ వైపు తిరిగి, స్కేలు చూసి, మళ్లీ చెయ్యి చూశాడు. అప్పుడు ఆయన గొంతు మారిపోయింది. ఎండలో నిలబడొద్దు, షెడ్డులోకి వచ్చి మజ్జిగ తాగు బాబూ అని ఫ్రాన్సిస్‌ని ఒక్కణ్ణే పిలిచాడు.

"నేను కొట్టలేదండీ," అంది గ్రేసీ.

నేనేమీ అనలేదమ్మా అన్నాడు ఆయన.

మజ్జిగ అందరూ తాగారు. తాగుతుంటే సంగతంతా విని దశరథరామయ్య గారు పడీపడీ నవ్వాడు. దసరా నాడు దీన్ని చూడటానికి ఊరంతా పొలాల వెంట పరుగెడతామని, ఆ రోజు మాత్రం ఒక్కటీ కనబడదని చెప్పాడు. పిట్ట ఎగరాలంటే చప్పట్లు పనికిరావు, దానికి తిండి కనబడాలని, లేచి వెళ్లి కాలవ గట్టు మీది గడ్డిని కర్రతో కొట్టాడు. మిడతలు చిటపటమని లేచాయి. తీగ మీది ముద్ద ఉన్నట్టుండి విచ్చుకుంది. ముదురు నీలం, లేత నీలం, మళ్లీ ముదురు నీలం, పట్టీలు పట్టీలుగా రెక్కలు తెరుచుకుని, గాల్లో ఒక పల్టీ కొట్టి, మిడతని పట్టుకుని అవతలి తీగ మీద వాలి, మళ్లీ మట్టిముద్దయిపోయింది.

క్రాంతికుమార్ చేతిలోని మజ్జిగ గ్లాసు వంగి కాగితాల మీద పోతోంది. అతను చూసుకోలేదు. ఇంకోసారి కొట్టండి సార్ అన్నాడు. దశరథరామయ్య గారు ఆ మధ్యాహ్నమంతా గడ్డి కొడుతూనే ఉన్నాడు. ఒక దశలో కర్ర గ్రేసీకి ఇచ్చి అలుపు తీర్చుకున్నాడు. ఆవిడ కొట్టిన దెబ్బకి మిడతలతో పాటు ఒక కుందేలు కూడా లేచి పారిపోయింది. నువ్వు కొట్టలేదంటే నమ్మడం కష్టమేనమ్మా అన్నాడాయన. సాయంత్రానికి క్రాంతికుమార్ కాగితాలన్నీ పిట్టలతో నిండిపోయాయి. మొదటివి పావురాల్లా ఉన్నాయి. చివరివి ఎగురుతున్నాయి.

ఫ్రాన్సిస్ చెయ్యి పూర్తిగా చల్లబడేదాకా ఆగి, మళ్లీ ఒక శనివారం కూర్చున్నారు. ఈసారి గ్రేసీ పక్కనే కుర్చీ వేసుకుంది. భర్త రెండో చెయ్యి పట్టుకుని, ఎగిరిపడబోయినప్పుడల్లా కదలకండి అంటే ఆయన కదల్లేదు. సూది కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాడని క్రాంతికుమార్ తర్వాత చెప్పుకున్నాడు. అతను చేసింది కొంచెమే. ముద్ద పక్కన ఒక నల్లటి ముక్కు, ఒక కన్ను, రెక్క కొసల్లో నాలుగు ముదురు ఈకలు, మెడ మీద మట్టిరంగు. కన్ను పెట్టగానే ఉన్న నీలమంతా రెక్కలైపోయింది. కృష్ణాజిల్లా మ్యాపు ఎటు పోయిందో తెలియలేదు. క్రాంతికుమార్‌కి ఉత్సాహం వచ్చి, వెనకాల సూర్యోదయం, ఒక కొబ్బరిచెట్టు కూడా వేస్తానని సూది ముంచాడు.

"చాలు, ఆపెయ్," అంది గ్రేసీ.

ఆపేశాడు. ఆ రోజు ఆవిడ చేసిన మేలు అదేనని ఫ్రాన్సిస్ అభిప్రాయం.

తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. చేతికి పలచటి ప్లాస్టిక్కు చుట్టి ఉంది. ఎదుటి సీట్లో కూరగాయల గంపతో కూర్చున్న ముసలావిడ ఆ చెయ్యినే చూస్తోంది. గ్రేసీ బిగుసుకుపోయింది. ముసలావిడ వంగి, ప్లాస్టిక్కు మీది నుంచే వేలితో చూపించి, పాలపిట్ట ఎగురుతున్నట్టే ఉందయ్యా, ఎవరు వేశారు అంది. గ్రేసీ మళ్లీ చెప్పమంది. పాలపిట్టమ్మా, తెలీదా అంది ఆవిడ. గ్రేసీ వెంటనే ఫోన్ తీసి శాంతయ్య గారికి కలిపింది. ఒకామె మీతో మాట్లాడాలట అని ఫోన్ ముసలావిడ చేతికిచ్చింది. తనకేమీ సంబంధం లేని ఎవరో పోస్టుమాస్టరుకి ఒక పిట్ట గురించి సాక్ష్యం చెప్పాల్సి రావడం ఆవిడకి వింతగా ఉన్నా, గట్టిగానే చెప్పింది. పాలపిట్టే అయ్యా, మా చేల దగ్గర రోజూ చూస్తా, నేనెందుకు అబద్ధం చెబుతా. అవతల శాంతయ్య గారు సంతోషమమ్మా, దేవుడు ప్రార్థన విన్నాడు అనడం ఫ్రాన్సిస్‌కి కూడా వినబడింది. బేబికి కూడా చెబుతానన్నాడట.

ఫోన్ పెట్టేశాక గ్రేసీ ముసలావిడ గంపలో ఉన్న దోసకాయలన్నీ కొనేసింది. తర్వాత సీటులో వెనక్కి వాలింది. ఆ నెల రోజుల అలసట ఒక్కసారి మీద పడ్డట్టుంది, నవాబుపేట దాటకముందే నిద్రపోయి, తల జార్చి భర్త ముంజేతి మీద, సరిగ్గా పిట్ట మీద, ఆనించింది. కొత్తగా పొడిచిన చోటు భగ్గుమంది. ఫ్రాన్సిస్ పళ్లు బిగించి, సీసాల పేర్లు మనసులోనే చదువుకుంటూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. చిల్లకల్లు వచ్చింది, పోయింది. జగ్గయ్యపేట బస్టాండులో బస్సు ఆగేదాకా ఆయన చెయ్యి కదల్చలేదు.